మూత బిగించని మనిషి

ఆయన లాకరు ఖాళీ చేసే పని నాకు అప్పగించారు. మా మేనేజరు ఐరిష్ మనిషి, మంచివాడే. "మీ భాషవాడు కదా, ఏది ఉంచాలో ఏది పారేయాలో నీకైతే తెలుస్తుంది" అన్నాడు. చావు కబురు వచ్చి అప్పటికి పది రోజులు. ఆదివారం పొద్దున కిల్కెన్నీలో ఇంటి దగ్గర చర్చికి బయల్దేరుతూ, వంగి బూటు లేసులు కట్టుకుంటూ, అలాగే ముందుకు ఒరిగిపోయారట. గుండె. ఆ మనిషి ఏ పనీ సగంలో వదిలేయగా నేను చూడలేదు. ఆ లేసు ఒక్కటే వదిలేశారు.

లాకరులో పెద్దగా ఏమీ లేదు. దారం కట్టిన కళ్లజోడు, తలనొప్పి మందు డబ్బా, జేబులో పట్టేంత కీర్తనల పుస్తకం, ఒక స్టీలు చెంచా, కింది అరలో సగం అయిన గోంగూర పచ్చడి సీసా. సీసా మూత వదులుగా ఉంది. నూనె కారి అరంతా మరకపడింది. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత లాకరు తలుపు చాటున తల పెట్టి కాసేపు ఏడ్చాను.

ఆయన ఏ మూతా బిగించేవారు కాదు. మంచినీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, చక్కెర డబ్బా, పచ్చళ్లు, ఏదైనా సరే మూత పెట్టి ఒక చుట్టు తిప్పి వదిలేసేవారు. ఆయన సంచి ఎప్పుడూ తడిగా ఉండేది. ఆయన కారు పక్కన నిలబడితే ఆవకాయ జాడీలో తల పెట్టినట్టే. అది మతిమరుపు కాదు, అలవాటు. ఆ అలవాటు మా పనిలోంచి వచ్చింది.

క్లాండాల్కిన్‌లో ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాది చిన్న యూనిట్. చిప్పులు చేసేవాళ్లు సర్క్యూట్ బొమ్మని ముందు ఒక గాజు పలక మీద గీయిస్తారు. గీతలు వెంట్రుకకన్నా సన్నం. వెలుతురు ఆ పలక గుండా పోయి బొమ్మని చిప్పు మీద అచ్చు వేస్తుంది. వాడగా వాడగా పలకకి రెసిస్ట్ అనే జిగురుమందు అంటుకుంటుంది. గీత చెదరకుండా ఆ జిగురు కడిగి పంపడం మా పని. అందరూ దాన్ని మాస్క్ అంటారు. ఆయన మాత్రం పలక అనేవారు. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, "మా ఆవిడ నర్సు, ఉద్యోగం చేస్తది. నేను ఆవిడ వెనకాల వచ్చి అంట్లు తోముతున్నా" అనేవారు. గుంటూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పాతికేళ్లు పనిచేశారని ఆయన నోటివెంట వినడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

నేను చేరింది కరోనా మొదలైన ఏడాది శరత్కాలంలో. ఇంజనీరింగు పెద్ద చదువు చదివి వచ్చాను, ఓపిక తక్కువ. ఆయన నాకు మొదటిరోజు చెప్పిన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

"చూడమ్మాయ్. ఆసిడ్ అత్తగారు. పెరాక్సైడ్ కొత్తకోడలు. కోడలే అత్తింటికి రావాలి, అదీ నెమ్మదిగా, తలొంచుకుని. అత్తని తీసుకెళ్లి కోడలి మీద పోశావా, ఇల్లు లేచిపోద్ది."

"మరి ఎసిటోన్ ఎవరు అంకుల్?"

"ఆడపడుచు. ఆమె పని ముందే చేయించుకుని, నీళ్లతో శుభ్రంగా సాగనంపి, అప్పుడు అత్తాకోడళ్లని కలపాలి. వాళ్లిద్దరూ వేడిమీద ఉన్నప్పుడు ఆడపడుచు ఆ గది గడప తొక్కకూడదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎసిటోను గానీ స్పిరిటు గానీ ఆ వేడి ఆసిడ్‌లో పడితే ఏమవుతుందో ఆయన చూశారు. ఎక్కడ చూశారో ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఎడమ మోచేతి కింద కాలిన చర్మం బిగుసుకుపోయి, మెరుస్తూ ఉండేది.

వాడేసిన ఆసిడ్ మిశ్రమం చల్లారిందనుకుని సీసాలో పోస్తే, లోపల ఇంకా గాలి పుడుతూనే ఉంటుంది. మూత బిగిస్తే సీసా పేలుతుంది. అందుకని వదులుగా పెట్టాలి. "దానికీ ఊపిరాడాలిగా" అనేవారు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఒక్కో సీసా దగ్గరా ఆగి మూత వేలితో కదిపి చూసేవారు. ఆ వేలికి ఇంట్లో పచ్చడి సీసాకీ, ఇక్కడి సీసాకీ తేడా తెలియకుండా పోయింది.

ఆసిడ్ గదిలోకి ఒంటరిగా వెళ్లకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. పనిచేసేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఒకరు ఉండాలి. ఒంటిమీద చుక్క పడితే పక్కవాళ్లు షవర్ కిందికి లాగాలి. కరోనా వచ్చి రెండు మీటర్ల దూరం అన్నాక, ఆ చిన్న గదిలో ఇద్దరు పట్టలేదు. చూసేవాళ్లని బయటికి పంపి, గోడకున్న అద్దం కిటికీలోంచి చూడమన్నారు. చాలామంది ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఫోను చూసుకునేవారు. ఆయన కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, ఎంతసేపైనా నిలబడేవారు. వేలి కణుపుతో అద్దం మీద ఒకసారి కొడితే నెమ్మది అని. రెండుసార్లు కొడితే ఆగు అని. పని పూర్తయి ఆసిడ్ చల్లారి సీసాలోకి వెళ్లాక, అరచెయ్యి అద్దానికి ఆనించేవారు. అంటే బాగుంది, బయటికి రా అని.

"ఒక్కదాన్నే చేసుకుంట అంకుల్, ఏమైతది? మీరు పోయి చాయ్ తాగండి" అన్నాను ఒకసారి.

"ఏం కాదు" అన్నారు. "ఏం కాకుండా ఉండటానికే నేనుండేది."

మధ్యాహ్నం భోజనం ఎవరి కారులో వాళ్లం. క్యాంటీన్ మూసేశారు. ఆయన కారుకీ నా కారుకీ మధ్య ఒక పార్కింగ్ గడి ఖాళీ వదిలి, అద్దాలు దించుకుని మాట్లాడుకునేవాళ్లం. పచ్చడి పంపాలంటే ఆయన దిగి, సీసా తెచ్చి నా కారు బానెట్ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడేవారు. నేను దిగి వేసుకుని మళ్లీ బానెట్ మీద పెట్టి లోపలికి వెళ్లాక, ఆయన వచ్చి తీసుకునేవారు. వానపడుతున్నా ఇదే తంతు. నేను అలవాటుకొద్దీ మూత గట్టిగా బిగించి ఇచ్చేదాన్ని. ఆయన తీసుకుని, నన్ను చూస్తూ, మూత ఒక చుట్టు వదులు చేసేవారు.

ఆయన భార్య కిల్కెన్నీ ఆసుపత్రిలో కరోనా వార్డులో పనిచేసేది. ఒకరి జబ్బు ఒకరికి అంటకూడదని ఆయన ఇక్కడ క్లాండాల్కిన్‌లో గది తీసుకున్నారు. శాండీఫోర్డ్‌లో మా ఫ్లాటులో నా మొగుడూ నేనూ నేను ఇల్లు చేరిన దగ్గర్నుంచీ మొహమొహాలు చూసుకుని విసుక్కుంటుంటే, ఆ దంపతులు వారాలకి వారాలు ఫోనులోనే కాపురం చేశారు. భోజనం చేస్తూ ఆయన ఫోను డాష్‌బోర్డు మీద నిలబెట్టేవారు. అట్నుంచి ఆవిడ కూడా తింటూ ఉండేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

ఇక జెల్ సంగతి. కరోనా రాగానే ప్రతి తలుపు పక్కనా చేతులకి రాసుకునే జెల్ పెట్టె బిగించారు. ఆసిడ్ గది తలుపు పక్కన కూడా, లోపలివైపు. అందులో ఉండేది స్పిరిటే. ఆడపడుచుని తెచ్చి అత్తాకోడళ్ల గదిలో కాపురం పెట్టించారని ఆయన గొడవ చేశారు. రూలు రూలే అన్నారు పైవాళ్లు. ఆయన ఇంక వాదించలేదు. బూటుకి తొడిగే ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చి ఆ పెట్టెకి తొడిగి టేపు వేశారు. వారానికి ఒకసారి ఎవరో పీకేసేవారు, ఆయన మళ్లీ తొడిగేవారు.

అలాగే ఒక పొద్దున కూడా ఎవరో పీకేశారు. క్రిస్మస్ దాటి, జబ్బు ముమ్మరంగా ఉన్న రోజులు. రెండు రోజుల ముందు ఆయన, "మా ఆవిడకి ఒంట్లో బాలేదు, వాళ్ల ఆసుపత్రిలోనే పడుకోబెట్టారు" అన్నారు. అంతే చెప్పారు. నేనూ అంతకన్నా ఎక్కువ అడగలేదు. తొందరగా పంపాల్సిన పలక ఒకటి ఉంది, నేను లోపలికి వెళ్లాను, ఆయన అద్దం బయట నిలబడ్డారు.

పలక ఆసిడ్‌లోంచి తీసి వేడినీళ్లలో పెట్టాను. పక్కన ఆసిడ్ తొట్టి ఇంకా పొగలు కక్కుతోంది. మందపు చేతి తొడుగులు విప్పి పల్చటివి వేసుకున్నాను. అప్పుడు ఆయన చొక్కా జేబులో ఫోను వెలిగింది. ఆయన తీసి, పేరు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. రెప్పపాటు. ఆ రెప్పపాటులోనే నేను, దుకాణంలోనూ బస్సులోనూ ఇంట్లోనూ రోజుకి యాభైసార్లు చేసే పనే కదా, తలుపు పక్క పెట్టె నొక్కి జెల్ తొడుగులకి రాసుకున్నాను. ఆయన తలెత్తేసరికి నా చేతులు పలక అంచుల మీద ఉన్నాయి.

ఫోను మళ్లీ వెలిగింది. ఆరిపోయి మూడోసారి వెలిగింది. ఆయన చూడలేదు. నేను చూశాను. ఆ గుడ్డ లోంచి వెలుగు వచ్చిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. పలకని నీళ్లలో వదిలేసి, చేత్తో తలుపువైపు చూపించి, మీరు వెళ్లండి అంకుల్ అని ఒక్క సైగ చేయవచ్చు. చేయలేదు. తొట్టి వేడిగా ఉంది, నాకు భయం. ఆయన అక్కడుంటే భయం లేదు. అందుకని చూడనట్టే తలొంచుకుని, పలక ఆరబెట్టి, ఆసిడ్ చల్లారేదాకా కాచుకుని, సీసాలో పోసి, అన్నీ పద్ధతిగా, తాపీగా చేశాను. అరగంట పైనే పట్టింది. ఆయన అరచెయ్యి అద్దానికి ఆనించి, అప్పుడు వరండాలోకి నడిచి ఫోను తీశారు.

వచ్చి మైక్రోస్కోపు కింద పలక చూశారు. అంచు దగ్గర ఊపిరి తగిలి మసకబారినట్టు పల్చటి మచ్చ. లాగ్ పుస్తకం తెరిచారు. ఆయన నాకు నేర్పిన మాట ఒకటుంది: "కనపడింది రాయి. కావాల్సింది రాయకు." ఆ ప్రకారమే రాశారు, మచ్చ ఉందని. కారణం అన్న గడి ఖాళీగా వదిలారు.

"ఎవరు అంకుల్ ఫోన్?" అన్నాను.

"ఇంటి నుంచి" అన్నారు.

ఆవిడకి గొంతులో ఊపిరి గొట్టం వేసి నిద్రపుచ్చారనీ, ఆయన తిరిగి ఫోను చేసేసరికి వేరే నర్సు ఎత్తి ఆ మాట చెప్పిందనీ నాకు మర్నాడు మేనేజరు చెప్పాడు.

నాలుగో రోజు పొద్దున ఆయన మామూలుగా పనికి వచ్చారు.

"మీరెందుకు వచ్చిన్రు అంకుల్?"

"అక్కడ నన్ను లోపలికి రానీయటంలా. ఆదివారం వెళ్లొచ్చా. దార్లో పోలీసులు ఇంత దూరం ఎక్కడికని ఆపి, సంగతి విని, పాపం పంపించారు. ఆసుపత్రి కార్ పార్కులో నిలబడ్డా. ఏ కిటికీయో తెలీదు. మూడో వరసలో ఒకటి అనుకుని చూస్తా ఉన్నా." కళ్లజోడు తుడుచుకుంటూ, "కిటికీ బయట నిలబడటం నాకు అలవాటేగా" అన్నారు. "పద, ఆ పలక మళ్లీ కడుగుదాం."

లోపలికి వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, జెల్ పెట్టెని, నా చేతుల్ని, మళ్లీ పెట్టెని చూశారు. నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకి అంతకుముందే అర్థమై ఉండాలి. నన్ను ఒక్క మాట అనలేదు. ప్లాస్టిక్ సంచి తొడిగి టేపు వేసి, లాగ్ పుస్తకంలో ఖాళీగా ఉన్న గడి నింపారు. ఇంగ్లీషులో, పొడిగా: తొడుగు మీద జెల్. చూసేవాడు చూడలేదు.

"తప్పు నాది కదా అంకుల్."

"నీది పొరపాటు. చూడటం నా పని."

ఆ రోజు పలక మచ్చ లేకుండా వచ్చింది. అరచెయ్యి అద్దం మీద చాలాసేపు ఉంది. నేను లోపల్నుంచి నా చెయ్యి ఎప్పుడూ ఆనించలేదు. తొడుగు మీద ఆసిడ్ ఉంటుందని భయం, బయటికి వస్తే కరోనా అని భయం. ఏడాదికి పైగా ఆయన కళ్ల ముందు పనిచేసి, ఆయన చెయ్యి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ కిటికీ దగ్గర వేరేవాళ్లు నిలబడుతున్నారు, మంచివాళ్లే. కానీ పని అయిపోయి తలెత్తిన ప్రతిసారీ నా కళ్లు ఆ చేతి కోసం వెతుకుతాయి. లేదని తెలిసీ వెతుకుతాయి.

ఆవిడ బతికింది. మూడు వారాలకి కళ్లు తెరిచింది, రెండు నెలలకి ఇంటికొచ్చింది. ఆయన ఇక్కడి గది ఖాళీ చేసి, రోజూ కిల్కెన్నీ నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చేవారు. కళ్ల కింద నలుపు వచ్చింది గానీ ఆ ఏడాది ఆయన ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నారు. ఆ ఫోను గురించి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. అడగాలని నేను కారులో కూర్చుని ఎన్నిసార్లు అద్దం దించానో నాకే తెలుసు.

పబ్బులు మళ్లీ రాత్రి పొద్దుపోయేదాకా తెరవనిచ్చిన వారంలో, లాకరు సామాను పెట్టెలో సర్దుకుని కిల్కెన్నీ వెళ్లాను. పచ్చడి సీసా ఒరక్కుండా నా పక్క సీటులో నిలబెట్టి బెల్టు పెట్టాను. మూత జోలికి పోలేదు.

ఆంటీని నేరుగా చూడటం అదే మొదలు. పల్చగా, చిన్నగా ఉంది. నాలుగు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. మళ్లీ వారానికి రెండు రోజులు డ్యూటీకి వెళ్తోందట. పెట్టెలోంచి ఒక్కో వస్తువూ తీసి బల్ల మీద పెట్టుకుంది. సీసా చూసి నవ్వింది.

"ఈ మనిషితో వేగలేకపోయాననుకో. మా వంటింటి అల్మారా తెరిచి చూడు, ఏ అర చూసినా నూనే. తుడవగా తుడవగా విసుగొచ్చి వదిలేశా."

టీ ఇచ్చింది. తాగుతూ ఉండగా, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఆ రోజు పలక బాగొచ్చిందా తల్లీ?"

ఏ రోజో నాకు తెలుసు. అయినా, "ఏ రోజు ఆంటీ?" అన్నాను.

"నేను ఫోన్ చేసిన రోజు. లోపల నువ్వే ఉన్నావని చెప్పారు. నాకు తెలివొచ్చాక అడిగితే, అద్దంలా వచ్చింది, నువ్వేం బాధపడమాక అన్నారు."

కప్పు కింద పెట్టేశాను. ఆయన ఆవిడ కోసం చెప్పిన అబద్ధం అది. తన ఫోను వల్లే ఆయన చూపు పక్కకి పోయిందని ఆవిడకి తెలియకూడదని చెప్పింది. ఆ అబద్ధాన్ని నేనూ మోస్తే సరిపోతుంది, ఆవిడ తేలిగ్గా ఉంటుంది. కానీ బల్ల మీద ఆయన కళ్లజోడు ఉంది. కనపడింది రాయి, కావాల్సింది రాయకు.

"లేదాంటీ. మచ్చ పడ్డది. తప్పు నాది." అక్కడితో ఆగలేకపోయాను. "మీ ఫోన్ వెలగడం నేను చూసిన. మీరు పోండి అంకుల్ అని ఒక్క సైగ చేస్తే సరిపోయేది. నాకు భయమై చెయ్యలేదు. ఏడాది నుంచి ఇదే కొట్టుకుంటున్నది ఆంటీ. మీతోని మాట్లాడేటిది నేను ఆపిన."

ఆవిడ ఆ కళ్లజోడు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తోంది, దాన్నే చూస్తోంది.

"మచ్చ పడిందని నాకు తెలుసులే" అంది చివరికి. "బాగొచ్చిన పలక గురించి ఆయన ఇంటికొచ్చి ఎప్పుడన్నా మాట్లాడితేగా."

నాకు కళ్లు నిండిపోయాయి.

"నువ్వు సైగ చేసినా కదిలేవారు కాదు. ఇరవై ఏడేళ్లు చూశా నేను. వినమ్మా. ఆ రోజు వాళ్లు గొట్టం వేస్తాం అన్నారు. ఎంతమందికి వెయ్యటం చూళ్లేదు నేను? భయమేసింది. ఒక్కసారి గొంతు విందామని చేశా. ఎత్తలా. మళ్లీ చేశా. ఎత్తలా." ఆగి ఊపిరి తీసుకుంది. "మూడోసారి కూడా ఎత్తకపోయేసరికి, అక్కడెవరో ఆసిడ్ దగ్గర ఉన్నారు, ఈయన నిలబడి ఉన్నారు అని అర్థమైంది. ఇంక భయం పోయింది. ఆయన నిలబడే ఉన్నారులే అనుకుని కళ్లు మూసుకున్నా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా, గరుకుగా ఉంది, రోజంతా కడుక్కునే చెయ్యి. వదలబుద్ధి కాలేదు.

బయల్దేరుతుంటే ఆవిడ పచ్చడి సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో. ఆయన చెయ్యి పడినవి నా దగ్గర ఇంకా ఇల్లంతా ఉన్నాయి."

తిరిగి వస్తుంటే మోటార్‌వే మీద మొదటి మలుపులోనే సీసా ఊగింది. కారంతా గోంగూర వాసన. సీటు మీద నూనె బొట్లు బొట్లుగా పడుతోంది. బండి పక్కకి ఆపి సీసా ఒళ్లోకి తీసుకున్నాను. ఒక్క చుట్టు తిప్పితే చాలు. కానీ ఆ మూత ఆఖరిసారి అలా పెట్టింది ఆయన చెయ్యి. నా అరచెయ్యి దాని మీద ఆనించి కాసేపు కూర్చున్నాను. తర్వాత బిగించకుండానే మళ్లీ పక్క సీటులో పెట్టి, బెల్టు వేసి, నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికొచ్చాను.